నలభై అట్ట కిరీటాలు

అర్ఫా పాకెట్టు మీద చెయ్యి వేసింది. అదే క్షణంలో దాని రెండో కొస మీద ఇంకో చెయ్యి పడింది.

గుంటూరు పట్నం బజారులో లక్ష్మీకాంత్ గారి షాపు అది. పూసలు, చమ్కీలు, లేసులు, బంగారు కాగితం, సన్న తీగ, జిగురు డబ్బాలు... చేతిపని చేసుకునేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అక్కడికే వస్తారు. రెండువేల మూడు జూలైలో ఆఖరి ఆదివారం. తెల్ల కుందన్ రాళ్ళ పాకెట్టు ఒక్కటే మిగిలింది. ఒక కొస నరసరావుపేట నుంచి వచ్చిన అర్ఫా చేతిలో ఉంది. రెండో కొస ఎవరో పొడుగాటి అబ్బాయి చేతిలో ఉంది.

"నేను ముందు తీశానండి," అంది అర్ఫా.

"నేను బుధవారమే చెప్పి వెళ్ళానండి," అన్నాడతను.

ఇద్దరూ లక్ష్మీకాంత్ గారి వైపు చూశారు. ఆయన ఇద్దరికీ మాట ఇచ్చినట్టున్నాడు. కళ్ళజోడు సర్దుకుని, లేసు కొలవమని ఎవరూ అడగకపోయినా లేసు కొలవడం మొదలుపెట్టాడు.

చెరి సగం తీసుకుందామని అర్ఫాయే అంది. నాలుగింటి బస్సు అందుకోవాలని ఆమె తొందర. అతను సరేనని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పాకెట్టు విప్పి, ఒక్కో రాయినీ వెలుతురుకు పెట్టి చూసి, పగుళ్ళున్నవి పక్కన పెట్టి, మంచివి మీకొకటి నాకొకటి అంటూ పంచడం మొదలుపెట్టాడు. గుప్పెడు గుప్పెడు తీసుకుంటే సరిపోతుంది కదా అని ఆమె రెండుసార్లు చెప్పింది. పగిలిన రాయి మీ భాగానికి ఎక్కువ వస్తే ఎలాగండీ అన్నాడు. పంపకం అయ్యేసరికి నాలుగింటి బస్సు పోయింది, బయట వాన పట్టుకుంది.

షాపు ముందు రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. అతని దగ్గర గొడుగుంది. ఆ గొడుగును మాత్రం చంకలో ఉన్న ప్లాస్టిక్ కవరు మూట మీదికి వంచి పట్టుకున్నాడు. అతని భుజం ధారలుగా తడుస్తోంది. ఆ మూటలో ఏముందని ఆమె అడక్కుండా ఉండలేకపోయింది.

"దుర్యోధనుడి కిరీటమండి. రిపేరుకొచ్చింది."

"దుర్యోధనుడు తడవకూడదు గానీ, మీరు తడవొచ్చా?"

"నాకు రంగు పోదు కదండి," అన్నాడు మామూలుగా.

ఆమెకు నవ్వొచ్చింది కానీ బస్సు పోయిన కోపంలో దాన్ని మింగేసింది. అతని పేరు ఖాజావలి. ఊరు పెదకాకాని. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే తాత బుడాన్ పెంచాడు. ఆ తాత యాభై ఏళ్ళుగా పద్యనాటకాలకు కిరీటాలు, భుజకీర్తులు చేస్తున్నాడు. చిలకలూరిపేట నుంచి తెనాలి దాకా ఏ రాముడి నెత్తిన ఏ కిరీటం ఉందో ఆయనకు తెలుసు. ఇప్పుడు ఆయనకు చూపు తగ్గింది, పనంతా మనవడిది.

అర్ఫా తన పని సంగతి చెప్పింది. సిల్కు దారం చుట్టి చెవి రింగులు, శ్రావణానికి రాఖీలు, దీపావళికి రంగు ప్రమిదలు, డిసెంబరులో కాగితం నక్షత్రాలు. ఏ కాలానికి ఆ కాలం. ఖాజావలి ఆమె చెవులకున్న రింగుల్ని శ్రద్ధగా చూశాడు. ఆమె చెంపలు కొంచెం వేడెక్కాయి.

"బాగున్నాయండి. దసరాకల్లా జిగురు వదిలేస్తుంది," అన్నాడు.

"దసరాకు ఇవే పెట్టుకుంటానని ఎవరు చెప్పారు?" అని, వాన తగ్గకుండానే రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

నరసరావుపేట వచ్చేదాకా బస్సులో అతనితో మనసులోనే పోట్లాడింది. అక్కడ తోచని మంచి జవాబులన్నీ సత్తెనపల్లి రోడ్డు దాటాక ఒకదాని వెనక ఒకటి తోచాయి.

అర్ఫా స్వభావమే అంత. ఏదైనా తోస్తే ఆ పూటే అయిపోవాలి. డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. బి.ఇడి. కౌన్సెలింగ్ రెండుసార్లు వాయిదా పడింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక పూసలు పట్టుకుంది. నాన్న ఖాదర్ వలి లేడీస్ టైలరు. ఆయన కత్తిరించగా మిగిలిన పట్టు ముక్కలు, పాత అట్టపెట్టెలు, ఇంట్లో ఏదీ ఆమె చేతికి చిక్కకుండా పోయేది కాదు. పొద్దున మొదలుపెట్టిన గొలుసు మధ్యాహ్నానికి షాపుకెళ్ళేది. మధ్యాహ్నం మొదలుపెట్టినది నచ్చకపోతే సాయంత్రానికి విప్పేసేది. నీ చేతులకు చక్రాలున్నాయే అనేది తల్లి నసీమున్నీసా.

ఆగస్టు మొదటి వారంలో, వాళ్ళ వీధి చివర స్కూలు నడిపే జ్యోతిర్మయి మేడమ్ కబురు చేసింది. కృష్ణాష్టమికి చిన్న క్లాసుల పిల్లలు నలభైమందికి కృష్ణుడి వేషాలు వెయ్యాలి. హారాలు, దండకడియాలు, మొలనూళ్ళు అర్ఫా చెయ్యాలి. తక్కువలో అవ్వాలి, చూడ్డానికి బాగుండాలి. కిరీటాలు మాత్రం పెదకాకాని డ్రామా డ్రెస్సులవాళ్ళకు చెప్పామంది.

పెదకాకాని అనగానే అర్ఫా చేతిలో కాఫీ గ్లాసు ఆగింది. అనుకున్నంతా అయింది. శనివారం పొద్దున స్కూలు వెనక భోజనాల రేకుల షెడ్డులో, అట్టలు ముందేసుకుని ఖాజావలి కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చోవాలో వద్దో తెలియక కాసేపు అలాగే ఉన్నాడు.

మొదటి రెండు రోజులు ఎవరి మూల వాళ్ళది. అర్ఫా ప్లాస్టిక్ తీగకు బంగారు పూసలెక్కించి హారాలు గుచ్చింది. చీరల పెట్టెల అట్ట కత్తిరించి, బంగారు కాగితం అంటించి, అంచుకు లేసు కుట్టి కడియాలు చేసింది. ఆదివారం సాయంత్రానికి ఆమె వైపు ఇరవై సెట్లు వేలాడుతున్నాయి. అతని వైపు రెండు కిరీటాలున్నాయి. కానీ ఏం కిరీటాలవి. మెత్తటి సుద్దముద్దతో లతలు తీర్చి, రాళ్ళు పొదిగి, ఎటు తిప్పినా మెరిసేలా చేశాడు. ఆమెకు పైకి అనడానికి మనసు రాలేదు కానీ కళ్ళు మాత్రం మాటిమాటికీ అటే పోయాయి.

సరిపోతుందో లేదో చూద్దామని మేడమ్ ఒక యూకేజీ బుడతణ్ణి పిలిపించింది. కిరీటం పెట్టగానే అది నుదురు దాటి, కళ్ళు దాటి, ముక్కు మీద ఆగింది. "మేడమ్, చీకటైపోయింది," అన్నాడు వాడు లోపల్నుంచి. షెడ్డంతా నవ్వులు. కిరీటం తీశాక వాడు మెడ రుద్దుకోవడం ఖాజావలి చూశాడు. ఆ కిరీటాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతుల్లో దాని బరువు తూచి చూశాడు.

గెలిచినట్టనిపించింది అర్ఫాకు. పండక్కి పది రోజులే ఉంది, ఈ మనిషి నలభై ఎప్పటికి చేస్తాడు? వారం మధ్యలో అతను పెదకాకాని వెళ్ళి ఉండగా కూర్చుని తన పద్ధతిలో పదిహేను కిరీటాలు చేసేసింది. పల్చటి అట్ట, బంగారు కాగితం, చుట్టి స్టేప్లర్‌తో నాలుగు పిన్నులు. కిరీటానికి పావుగంట పట్టింది. శనివారం అతను వచ్చేసరికి వరసగా పేర్చిపెట్టి, ఏమంటాడో చూద్దామని పక్కకు తిరిగి పూసలు గుచ్చుతున్నట్టు నటించింది.

ఖాజావలి ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత లోపలి అంచు వెంట వేలు పోనిచ్చాడు. వేలు చటుక్కున వెనక్కి తీశాడు. చివర చిన్న ఎర్ర చుక్క. దాన్ని ప్యాంటుకు తుడుచుకుని, సంచిలోంచి పట్టకారు తీసి, పిన్ను కొసల్ని ఒక్కొక్కటే లోపలికి వంచసాగాడు. వంచిన చోటల్లా పల్చగా దూది పరిచి, పైన గుడ్డ ముక్క అంటిస్తున్నాడు. అలా మూడు కిరీటాలయ్యేదాకా అర్ఫా చూస్తూనే ఉంది. నాలుగోది తీస్తుంటే అడిగేసింది.

"నాకు చెప్పొచ్చు కదండి, తప్పు చేశానని."

"తప్పని కాదండి. చిన్నపిల్లల నుదురు కదా, మెత్తగా ఉంటుంది," అన్నాడు తలెత్తకుండా. "తేలికదనం నాకు తట్టలేదు. అది మీకే తట్టింది."

ఆమె వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. దూది ఇటివ్వమంది. తమ పూర్వులు దూది ఏకేవాళ్ళని, అందుకే ఇంట్లో అది ఎప్పుడూ ఉంటుందని అతను చెప్పాడు. పత్తిచేల మధ్య పుట్టి పెరిగినా అర్ఫా ఆ రోజే దూదిని మొదటిసారి ముట్టుకున్నట్టు ముట్టుకుంది. అంత నెమ్మదిగా ఆమె ఏ పనీ చేసి ఎరగదు.

ఆ తర్వాత పని కలిసిపోయింది. ఆమె అట్ట, ఆమె కాగితం. అతని గీత, అతని కుదురు. నెమలికన్ను ఎక్కడ గుచ్చాలన్న దాని మీద ఒక పూటంతా వాదించుకున్నారు. మీ కృష్ణుడు స్కూలుకెళ్తున్నాడా యుద్ధానికెళ్తున్నాడా అని ఆమె, మీ కృష్ణుడు ఇంకా నిద్ర లేవలేదా అని అతను. మేడమ్ ఒకసారి షెడ్డులోకి తొంగిచూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

పండగ రోజు వాన జోరుగా పడింది. మైదానంలో కార్యక్రమం షెడ్డులోకి మారింది. నలభైమంది కృష్ణులు ఒకరినొకరు పిల్లనగ్రోవులతో పొడుచుకుంటూ, జారుతూ, అరుస్తూ ఆడారు. ఒక్క కిరీటం ఊడలేదు. ఒక్క పిల్లాడు ఏడవలేదు. స్తంభం పక్కన నిలబడ్డ ఖాజావలి పెదాలు కదుపుతూ తలలు లెక్కపెట్టుకుంటున్నాడు. అర్ఫా ఆ పెదాల్నే చూసింది. ఏదో చెబుతాడనుకుంది.

సామాను సర్దుకుని వెళ్ళేటప్పుడు చెప్పాడు. "చాలా తేలిగ్గా వచ్చాయండి."

అంతే.

సెప్టెంబరు వచ్చింది. కలుసుకునేందుకు ఇక పని లేదు. అతని ఇంట్లో ఫోను లేదు. అర్ఫా ప్రతి ఆదివారం అవసరం లేని రిబ్బన్ల కోసం గుంటూరు వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటివారం అతను అప్పుడే వెళ్ళాడన్నాడు లక్ష్మీకాంత్ గారు. రెండోవారం రానేలేదు. ఆయన అర్థమైనట్టు నవ్వితే, ఆమె ఇంకో మూర రిబ్బను కొని బయటపడింది. మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు గాలి కొట్టి కళ్ళు మండాయి. కళ్ళు తుడుచుకుంటూ, మిర్చి ఘాటని తనకు తానే చెప్పుకుంది.

మూడో ఆదివారం దొరికాడు. బస్టాండు దాకా పక్కపక్కనే నడిచారు. హైదరాబాదులో పౌరాణిక సీరియల్ తీసేవాళ్ళు పిలిచారని, నగలు చేసే పని అని, అక్టోబరు ఒకటిన చేరాలని చెప్పాడు. మంచిదేగా అంది ఆమె. అతను ఆగాడు. చెప్పాల్సింది ఇంకోటి ఉందన్నాడు. ఆమె బస్సు వైపు చూడ్డం మానేసి నిలబడింది. అతను నోరు తెరిచాడు, మూశాడు, అదింకా సరిగ్గా కుదరలేదండీ, కుదిరాక చెబుతానన్నాడు.

ఆ మాట పట్టుకుని అర్ఫా వారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కుదరడమేమిటి, అదేమన్నా కిరీటమా? రాఖీ పండగ పోయి నెలన్నర అయినా చేతులు ఊరుకోక రాఖీలు చేసింది. సూది గుచ్చుకుంది. పూసల డబ్బా రెండుసార్లు బోర్లాపడింది. అదే వారం దాచేపల్లి నుంచి నాన్నకు వరసకు తమ్ముడయ్యే ఆయన ఫోను చేశాడు. సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ కుర్రాడున్నాడట, మంచివాడట, శుక్రవారం నమాజయ్యాక చూడ్డానికి వస్తారట. నాన్న రమ్మన్నాడు. కాదనడానికి ఆయనకేం కారణం కనబడలేదు. అర్ఫా చెప్పడానికీ కారణం లేదు. ఒక మనిషి చెప్పని మాటను కారణమని ఎలా చెబుతుంది?

గురువారం తెల్లవారుజామున నమాజు ముగించి వచ్చిన తల్లికి, మంచం మీద కూర్చుని అర్థంలేకుండా రాఖీ ముడి విప్పుతున్న కూతురు కనబడింది. నసీమున్నీసా ఆ రాఖీ తీసుకుని పక్కన పెట్టి కూర్చుంది. ఆ కిరీటాల అబ్బాయేనా అని అడిగింది. అర్ఫా తలూపింది.

"అడిగాడా నిన్ను?"

"లేదమ్మా. కుదిరాక చెబుతానన్నాడు."

"మరి నువ్వు అడిగావా?"

"ఆడపిల్ల ఎట్లా అడుగుతుందమ్మా?"

నసీమున్నీసా కూతురి ఒళ్ళో పడ్డ దారప్పోగులు దులిపింది. "నీ పనులన్నీ పండక్కి ముందు కావాలంటావు. పండగెళ్ళాక ఎంత బాగున్నా ఎవరిక్కావాలంటావు. దీనికొక్కదానికే ఎందుకే ఆగుతున్నావు? రేపు వాళ్ళొచ్చి కూర్చున్నాక చెబితే మీ నాన్న తల ఎక్కడ పెట్టుకుంటాడు?"

ఏడింటి బస్సులో అర్ఫా ఉంది. గుంటూరులో దిగి ఇంకో బస్సు పట్టుకుని పెదకాకాని చేరింది. పొరుగూళ్ళ నుంచి గుడికి వచ్చినవాళ్ళను దారి అడిగి లాభం లేక, ఒక టీ కొట్టులో అడిగితే, బుడాన్ ఇల్లయితే ఎవరైనా చెబుతారంటూ చూపించారు. వరండాలో తెల్లగడ్డం ముసలాయన, వేళ్ళతో తడుముకుంటూ పాత భుజకీర్తికి గుడ్డ అంటిస్తున్నాడు. సలాం చెప్పి ఖాజావలి ఉన్నాడా అని అడిగింది.

"నువ్వు నరసరావుపేట అమ్మాయివా?" అన్నాడాయన, గొంతు విని.

ఆమె అవునంది. ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు.

"వాడు నెల రోజుల్నుంచి ఒక్క మాట చెక్కుతున్నాడమ్మా. ఇవాళ పొద్దున్నే తల దువ్వుకుని మీ ఊరి బస్సెక్కాడు, మీ నాన్నతో మాట్లాడొస్తానని. మాట్లాడతాడని మాత్రం నాకు నమ్మకం లేదు."

అర్ఫాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎదురెదురు బస్సుల్లో ఎక్కడో దాటుకున్నారు. దారంతా అనుకున్న మాటలు గొంతులో ఉండిపోయాయి. వాటిని వెనక్కి మోసుకెళ్ళే ఓపిక ఆమెకు లేదు. మెట్టు మీద కూర్చుని ఆయనకే చెప్పేసింది.

"మీ మనవణ్ణి చేసుకుందామనుకుంటున్నాను తాతా. మీకు ఇష్టమేనా?"

బుడాన్ ముందు విన్నది నమ్మలేదు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. చెయ్యి చాచి, గాల్లో వెతికి, ఆమె తల దొరికాక దాని మీద అరచెయ్యి పెట్టి దువా చేశాడు. ఈ ఇంట్లో ఒక్కళ్ళన్నా గబగబా మాట్లాడేవాళ్ళుండాలమ్మా అన్నాడు.

తిరుగు ప్రయాణం తరగలేదు. వాన. బస్సులో తడి గోనెల్లో చుట్టిన మిరప నారు కట్టలు. ప్రతి ఊరి మొగలోనూ రైతులు ఒక్కో కట్టా దించుకుంటుంటే బస్సు ఆగుతూ కదులుతూ పోయింది. సీటు ఖాళీ ఉన్నా అర్ఫా కూర్చోలేదు, ముందు ఫుట్‌బోర్డు దగ్గరే కమ్మీ పట్టుకుని నిలబడింది. అతను చెప్పకుండానే వెళ్ళిపోయి ఉంటే? నాన్న దాచేపల్లి సంగతి చెప్పి ఉంటే, మంచిదేనండీ అని వచ్చేసి ఉంటే? అలా అనగలడు అతను. తన వంతు ఇంకొకరికి పోయినా సర్దుకుపోయే మనిషి.

బస్టాండు నుంచి దాదాపు పరుగెత్తింది. లేడీస్ టైలర్ అని బోర్డున్న షాపులో, గోడ వారగా స్టూలు మీద ఖాజావలి ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు, ఒళ్ళో చొక్కా గుడ్డ. ఖాదర్ వలి మెడలో టేపు వేసుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. కూతుర్ని చూసి చెప్పాడు, పదేళ్ళ నుంచి మగవాళ్ళ బట్ట కుట్టలేదన్నా ఈ అబ్బాయి వినలేదని, పొద్దున్నుంచి ఇక్కడే కూర్చున్నాడని, పాపం వాన వల్లేమోనని. కిరీటాల పనిలో పరిచయమని చెప్పాడట, అంతకు మించి చెప్పలేదట.

అర్ఫా ఖాజావలి వైపు చూసింది. అతని నుదుటి మీద చెమట. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు.

"నాన్నా," అంది అర్ఫా. "ఈయన చొక్కా కోసం రాలేదు. నన్ను అడగడానికి వచ్చాడు. ఈయనకు ఇంకో ఏడాది పడుతుంది, నువ్వేమో రేపే దాచేపల్లి వాళ్ళను రమ్మన్నావు. అందుకని నేనే చెబుతున్నా. నాకు ఈయనంటే ఇష్టం. వాళ్ళ తాతనడిగి ఇప్పుడే వస్తున్నా."

కుట్టు మిషను దగ్గర పనిచేస్తున్న అంకమ్మ కాలు ఆగిపోయింది. ఖాదర్ వలి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. ముందు కూతుర్ని చూశాడు, వానలో ఊళ్ళు తిరిగొచ్చి తడిసి, వణుకుతూ నిలబడ్డ పిల్లను. తర్వాత అతన్ని చూశాడు.

"నిజమేనా బాబూ?"

ఖాజావలి లేచి నిలబడ్డాడు. "నిజమేనండి. అమ్మాయిగారు చెప్పిందంతా నిజం. ఒక్కటి తప్ప. ఏడాది పట్టదండి. ఇవాళే చెబుదామనుకున్నాను."

"ఎప్పుడు?" అంది అర్ఫా.

"ఈ టీ అయిపోయాక."

అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖాదర్ వలి నవ్వలేదు. హైదరాబాదు ఉద్యోగం గురించి అడిగాడు, ఉండే చోటు గురించి అడిగాడు, అమ్మాయి బి.ఇడి. చదువుకోవాలనుకుంటోందని చెప్పాడు. చదవనివ్వండి, నేనూ అదే అనుకున్నానన్నాడు ఖాజావలి. ఆ ఒక్క జవాబు మాత్రం అతను ఆలోచించకుండా చెప్పాడు. ఖాదర్ వలి మెడలో టేపు తీసి మడత పెట్టాడు.

"దాచేపల్లికి నేను ఫోను చేసుకుంటాలే," అన్నాడు నెమ్మదిగా. "రేపు మీ తాతను తీసుకురా. కొలతలు ఎటూ తీసుకున్నాను, ఆ గుడ్డ మాత్రం పట్టుకుపో. పెళ్ళిబట్టలకు అది పనికిరాదు."

రంజాను నెల వెళ్ళాక నిఖా అని పెద్దవాళ్ళు తర్వాత అనుకున్నారు. ఆ సాయంత్రం మాత్రం తల్లి ఒప్పుకోబట్టి అర్ఫా అతన్ని బస్టాండు దాకా దిగబెట్టింది. వాన సన్నబడింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద, మధ్యలో జానెడు ఎడం పెట్టుకుని నడిచారు. గుంటూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఖాజావలి ఎక్కి, తలుపు దగ్గరే వెనక్కి తిరిగాడు.

"అర్ఫా గారూ, నేను చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు కదా."

"అంతా అయిపోయాక ఇప్పుడా?"

"కుదిరిందండి ఇప్పుడు. మీరు పక్కన లేనప్పుడు నాకు..."

కండక్టరు విజిలేశాడు. అతని మాట అక్కడే తడబడింది. ఇంజను గుర్రుమంది. అర్ఫాకు ఆ రోజు మొదటిసారిగా గుండె నెమ్మదించింది. గొడుగు కొంచెం అటు జరిపి, మెట్టు మీదున్న అతనికి కూడా పట్టింది.

"మెల్లగా చెప్పండి," అంది. "తర్వాతి బస్సుకు వెళుదురుగాని."

ఖాజావలి బస్సు దిగాడు.